మాటిచ్చిన కోచ్ లేని ఊరికి

కాన్సస్ వెళ్ళొచ్చామని చెబితే మా నేపర్‌విల్ స్నేహితులు ముందు నమ్మలేదు. సెలవులొస్తే అందరూ ఫ్లోరిడా వెళ్తారు, ఎల్లోస్టోన్ వెళ్తారు. ఇండియా నుంచి చుట్టాలొచ్చిన ప్రతిసారీ నయాగరా వెళ్తారు. కాన్సస్ ఎవరు వెళ్తారు? 2012 మే నెలలో నేనూ మా అమ్మాయి నిత్యా వెళ్ళాం. నాలుగు రోజుల ప్రయాణం. దారి పొడవునా ఏదో ఒక భయం నన్ను పట్టుకునే ఉంది. అయినా ఈ దేశంలో పదహారేళ్ళుగా ఉంటూ చూడనిదంతా ఆ నాలుగు రోజుల్లో చూశాను.

ఎందుకు వెళ్ళామో ముందు చెప్పాలి. నిత్య బాస్కెట్‌బాల్ ఆడుతుంది. పదిహేడేళ్ళకే అయిదడుగుల పదకొండంగుళాలు. మా రెండు వైపులా అంత పొడుగు ఎవరూ లేరు. అంతకుముందు వేసవిలో వాళ్ళ నాన్న దాన్ని కాన్సస్‌లో ఒక కాలేజీ వాళ్ళు పెట్టిన క్యాంపుకి తీసుకెళ్ళాడు. అక్కడి కోచ్ మార్జీ అనే ఆవిడ దాని ఆట చూసి, స్కాలర్‌షిప్ ఇచ్చి చేర్చుకుంటానంది. నాతో ఫోన్‌లో కూడా మాట్లాడింది. "మీ అమ్మాయిని నా అమ్మాయిలా చూసుకుంటాను" అంది. నిత్య సరేనని మాటిచ్చింది.

అప్పటికి అన్నీ నోటి మాటలే. పన్నెండో తరగతిలోకి వెళ్ళాక, నవంబర్ వచ్చేదాకా కాగితం మీద సంతకాలు ఉండవు. సంబంధం ఖాయమైంది, తాంబూలాలు మాత్రం పుచ్చుకోలేదు అన్నట్టు ఉంటుంది వ్యవహారం. నిత్య మాటిచ్చిందని తెలియగానే, అప్పటిదాకా దానికి ఉత్తరాలు రాస్తున్న మిగతా రెండు కాలేజీలూ మర్యాదగా తప్పుకున్నాయి.

ఏప్రిల్‌లో ఆ కాలేజీ మార్జీని ఉద్యోగం నుంచి తీసేసింది. టీమ్ వరసగా మూడేళ్ళు ఓడిపోయిందట. అసిస్టెంట్లు కూడా వెళ్ళిపోయారు. కొత్త కోచ్ టెరీ నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది: పాత కమిట్‌మెంట్లన్నీ మళ్ళీ పరిశీలిస్తున్నాం అని. నిత్య ఫోన్ చేస్తే, శనివారం మధ్యాహ్నం రండి, మాట్లాడదాం అందట. అంతే. ఔననీ లేదు, కాదనీ లేదు.

ఆ వీకెండ్‌లోనే మా ఆయన రవికి ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్, కదలడానికి వీల్లేదు.

"నువ్వు డ్రైవ్ చెయ్యగలవా శారదా?" అన్నాడు.

నేను హాస్పిటల్ ఫార్మసీలో పనిచేస్తాను. ఇంటికి నాలుగు మైళ్ళు. హైవే ఎక్కాలంటే స్టీరింగ్ మీద నా చేతులు తడిసిపోతాయి. కాన్సస్ ఏడు వందల మైళ్ళు. చెయ్యగలనన్నాను.

మిసిసిపీ దాటడం

శుక్రవారం పొద్దున్నే పులిహోర, పెరుగన్నం, ఒక డబ్బా నిండా చేగోడీలు సర్దుకుని బయల్దేరాం. పద్దెనిమిది చక్రాల లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడల్లా మా కారు ఊగేది, నేను బ్రేక్ మీద కాలు వేసేదాన్ని. నిత్య చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సాధారణంగా కారెక్కిన పది నిమిషాలకే చేగోడీల డబ్బా తీస్తుంది. ఆ రోజు మూత కూడా తియ్యలేదు.

మిసిసిపీ వంతెన దగ్గర నేను వేగం బాగా తగ్గించేశాను. వెనక ఎవరో గట్టిగా హారన్ కొట్టారు. గోదావరి మీద రైల్లో ఎన్నోసార్లు వెళ్ళాను. అక్కడ బోగీలో అందరూ నదిలోకి చిల్లర విసిరి దణ్ణం పెట్టుకుంటుంటే నదంటే భయం వెయ్యదు. ఇక్కడ ఎవరూ నదిని చూడను కూడా చూడరు, డెబ్బై మైళ్ళ వేగంతో దాటేస్తారు. నేనొక్కదాన్నే మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఏం కోరుకున్నానో దాచను. ఆ స్కాలర్‌షిప్ పోకూడదని కోరుకున్నాను.

అయోవా: పుల్లటి పై

డెస్ మోయిన్ దాటాక కాసేపు ఆగుదామని చిన్న ఊళ్ళో ఒక హోటల్లోకి వెళ్ళాం. వడ్డించే ఆవిడకి డెబ్బై ఏళ్ళుంటాయి. నిత్యని కింది నుంచి పైదాకా చూసి, "బాస్కెట్‌బాలా, వాలీబాలా?" అంది. ఆ రాష్ట్రంలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ అంటే పెద్ద పండగట. తను కూడా హైస్కూల్లో ఆడిందట. వాళ్ళ కాలంలో ఒక్కో జట్టుకి ఆరుగురు. ముగ్గురు కోర్టులో ఈ సగంలో, ముగ్గురు ఆ సగంలో. మధ్య గీత దాటకూడదు.

"ఎందుకు దాటకూడదు?" అంది నిత్య.

"ఆడపిల్లలు అంత పరిగెడితే ఏదో అయిపోతుందని భయం వాళ్ళకి," అని పకపకా నవ్వింది.

రెండు డాలర్ల డెబ్బై అయిదు సెంట్లకి పై అనే తీపి రొట్టె ముక్క ఒకటి పెట్టింది. లోపల కూరింది రూబార్బ్ అట. ఎర్రటి కాడలు, గోంగూర అంత పులుపు. మనం ఆ పులుపులో ఎండుమిర్చి, వెల్లుల్లి వేస్తాం. వీళ్ళు చక్కెర పోస్తారు. నాకు నచ్చింది. నిత్య రెండు చెంచాలు తిని పక్కన పెట్టేసింది.

"Mom, ఒకవేళ ఆమె no అంటే?"

"ఎందుకంటుంది? రమ్మంది కదా."

"రమ్మంది. కానీ voice... చాలా nice గా ఉంది. Too nice."

 మా హాస్పిటల్లో డాక్టర్లు కూడా చెడ్డ కబురు చెప్పే ముందు గొంతు మెత్తగా చేస్తారు. ఆ సంగతి దానికి చెప్పలేదు.

ఆ సాయంత్రం మిసోరీ సరిహద్దుకి దగ్గర్లో ఒక మోటెల్లో దిగాం.

కాన్సస్: ఆకాశం కింద

శనివారం పన్నెండయ్యేసరికి ఆ ఊరు చేరాం. ఊరి పేరూ, కాలేజీ పేరూ రాయను. కాన్సస్ నడిమధ్య, అన్ని వైపులా పచ్చటి గోధుమ. ఒక్క కొండ లేదు. ఆకాశం మరీ పెద్దదిగా, మీదకి వంగినట్టుగా ఉంది. ఉక్కపోత. మే నెల ఒంగోలు గుర్తొచ్చింది. కానీ అక్కడ ఉక్కపోస్తే వానొస్తుందని సంతోషిస్తాం. ఇక్కడ పెట్రోల్ బంకులో కుర్రాడూ, రోడ్డు మీద ముసలాయనా అందరూ పడమరవైపు చూస్తూ నిలబడ్డారు. ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు.

జిమ్ బిల్డింగ్‌లో కోచ్ గది బయట కుర్చీలున్నాయి. మాకంటే ముందే అక్కడ ఇద్దరు కూర్చున్నారు. ఒక పెద్దాయన, చేతులు గరుకుగా, ఇస్త్రీ చేసిన చొక్కా. పేరు డేల్. పశ్చిమ కాన్సస్‌లో గోధుమ వేస్తాడట. పక్కన ఆయన మనవరాలు కేసీ, నిత్య వయసుదే. అది కూడా మార్జీకి మాటిచ్చిన అమ్మాయే. తన ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం.

ఆ రెండంగుళాలు నేను కళ్ళతోనే కొలిచాను. ఒక్కరినే ఉంచుకుంటే ఎవరిని ఉంచుకుంటారు అని లెక్కవేసుకున్నాను. డేల్ మాత్రం తమ కాగితం సంచిలోంచి రెండు బిస్కట్లు తీసి, "ఇంటివి, తినమ్మా" అని నిత్యకిచ్చాడు.

ముందు వాళ్ళిద్దరినీ లోపలికి పిలిచారు. పావుగంటలో బయటికొచ్చారు. కేసీ నవ్వుతూనే ఉంది. డేల్ టోపీ పెట్టుకుని, మాకు "ఆల్ ది బెస్ట్" చెప్పాడు.  ఆ చోటు వాళ్ళకే ఇచ్చేశారనుకున్నాను. వాళ్ళు కిందికెళ్ళి కోర్టు చూస్తామన్నారు. మమ్మల్ని లోపలికి పిలిచారు.

టెరీకి నలభై ఏళ్ళుంటాయి. కాలిఫోర్నియా నుంచి వచ్చి అయిదు వారాలైంది. గోడలు బోసిగా ఉన్నాయి, పెట్టెలు ఇంకా విప్పలేదు. మా ప్రయాణం గురించి అడిగింది, నిత్య మార్కుల గురించి అడిగింది. అన్నీ మెత్తటి గొంతుతోనే. "నేను ఆడించే పద్ధతి వేరు, నిత్యా. నీకు ఏది మంచిదో కూడా మనం ఆలోచించాలి" అని ఏదో చెప్పబోతోంది.

అప్పుడు సైరన్ మోగింది.

కింది గదిలో

సుడిగాలి వస్తోందని హెచ్చరించే ఆ మోత నేను అంతకుముందు నేపర్‌విల్‌లో కూడా విన్నాను. నెలకోసారి, మంగళవారం పొద్దున, ఒట్టి పరీక్షకి. ఇది ఆగలేదు. టెరీ లేచి నిలబడి, "ఇది డ్రిల్లా?" అని నన్ను అడిగింది. నన్ను!

మెట్ల కింద నుంచి డేల్ కేక వేశాడు. "కిందికి రండి. బ్యాగులొద్దు. కారు దగ్గరికి వెళ్ళొద్దు."

కోర్టు కింద ఆడపిల్లల లాకర్ గది ఉంది. చుట్టూ సిమెంటు గోడలు, ఒక్క కిటికీ లేదు. మేం అయిదుగురం, నేల తుడిచే మనిషి ఒకాయన, అంతే. డేల్ అందరినీ లోపలి గోడకి ఆనుకుని కూర్చోమన్నాడు. తలమీద చేతులు పెట్టుకోమన్నాడు. రెండు నిమిషాల్లో కరెంటు పోయింది.

ఆ చీకటిని ఎలా చెప్పాలో తెలియదు. తుపాన్లు నాకు కొత్త కాదు. ఒంగోలులో రెండు రోజుల ముందే రేడియోలో చెప్పేవాళ్ళు, బియ్యం, కిరోసిన్ తెచ్చిపెట్టుకునేవాళ్ళం. దీనికి అంత వ్యవధి లేదు. పైకప్పు మీద వడగళ్ళు పడుతున్నాయి, ఎవరో లారీతో కంకర దింపుతున్నట్టు. తర్వాత ఆ చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆగినప్పుడే ఎక్కువ భయం వేసింది. నా చెవులు మూసుకుపోయాయి. నిత్య నా చేతిని వెతుక్కుని పట్టుకుంది. తొమ్మిదేళ్ళ వయసు తర్వాత అది నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. "అమ్మా" అంది, మామ్ అనలేదు. వచ్చిన దేవుడి పేర్లన్నీ చదివాను. రవికి ఫోన్ చెయ్యాలన్నా సిగ్నల్ లేదు. నేనే దీన్ని ఇక్కడికి తీసుకొచ్చాను, ఒక ఆట కోసం, అనుకున్నాను.

అవతల ఎవరో ఏడుస్తున్నారు. కేసీ అనుకున్నాను. కాదు, టెరీ.

"అమ్మాయ్, నీ పేరేమన్నావు? టెరీనా?" అంది డేల్ గొంతు, చాలా నిదానంగా. "ఊపిరి తీసుకో. రైలొస్తున్నట్టు మోత వినబడితే దగ్గరికొచ్చిందని అర్థం. నాకింకా రైలు వినపడట్లేదు. నీకు వినపడుతోందా?"

"లేదు," అంది టెరీ.

"మరింకేం."

ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. దూరంగా ఒక రొద వచ్చి, అటు పక్కకే పోయింది. ఎవరం కదల్లేదు. ఆ చీకట్లో నిత్య గొంతు వినబడింది.

"కోచ్, ఒకటి అడుగుతాను. నేను మీకు కావాలా, అక్కర్లేదా? నిజం చెప్పండి."

నేను దాని చెయ్యి నొక్కాను, ఇప్పుడు కాదు అన్నట్టు. అది ఊరుకోలేదు.

 ఈసారి టెరీ గొంతులో ఆ మెత్తదనం లేదు.

"అక్కర్లేదు. మా పాత కాలేజీలో నాకు మాటిచ్చిన అమ్మాయిలు ఇద్దరున్నారు. నేనూ వాళ్ళకి మాటిచ్చాను. వాళ్ళు నాతో ఇక్కడికి వస్తున్నారు. నువ్వు బాగా ఆడతావు, వీడియోలు చూశాను. కానీ చోటు లేదు. ఈ మాట ఫోన్‌లోనే చెప్పాల్సింది. ధైర్యం చాల్లేదు."

నిత్య ఏడవలేదు. "Okay," అంది. "Thank you."

అప్పుడు డేల్ నావైపు తిరిగినట్టుంది. "మాకూ అదే చెప్పారమ్మా, ఇందాక. డబ్బివ్వం, కావాలంటే వచ్చి ప్రాక్టీస్ చేసుకో అన్నారు."

నాకు సిగ్గేసింది. గంట సేపు ఆ పిల్లని శత్రువులా చూశాను. అది పైన నవ్వుతూ బయటికొచ్చింది తాత ముందు ఏడవకూడదని.

చర్చి హాల్లో

సుడిగాలి ఊరికి ఉత్తరంగా నాలుగు మైళ్ళ దూరంలో వెళ్ళిపోయిందట. మనుషులెవరికీ ఏమీ కాలేదు. రెండు ధాన్యం కొట్లు లేచిపోయాయి. బయటికొస్తే నేలంతా నిమ్మకాయలంత వడగళ్ళు. మా కారు వెనకద్దం మొత్తం పగిలి సీట్లో పడింది.   డేల్ తన ట్రక్కులోంచి దాణా సంచి ప్లాస్టిక్, వెడల్పాటి టేపు తెచ్చి ఆ కంత మూశాడు. ఎంతివ్వాలని అడిగితే నాకేసి వింతగా చూశాడు.

కరెంటు లేని ఇళ్ళ వాళ్ళకి చర్చి కింది హాల్లో భోజనం పెడుతున్నారంటే ఆయనే మమ్మల్ని తీసుకెళ్ళాడు. అక్కడ ఒక విచిత్రం చూశాను. కారంగా ఉన్న చిక్కుడుగింజల కూర, దాన్ని చిలీ అంటారు, గిన్నెలో పోసి, పక్కన చక్కెర పాకం కారే దాల్చినచెక్క రొట్టె పెడతారు. ఆ తీపి రొట్టెని ఈ కారం కూరలో ముంచుకుని తింటారు. పప్పుచారులో బొబ్బట్టు ముంచినట్టు. స్కూల్లో చిన్నప్పటినుంచీ అలాగే తింటామని కేసీ చెప్పింది. ఆ కూరలో మాంసం కూడా వేస్తారు, నేను తినను, రొట్టె మాత్రం తిన్నాను.

వరసలో నిలబడ్డ నిత్య ఉన్నట్టుండి ఆగిపోయింది. గరిటె పట్టుకుని కూర పోస్తున్నావిడ కూడా ఆగిపోయింది. పొట్టి జుట్టు, ఏప్రన్. నేనావిడని ఎప్పుడూ చూడలేదు. నిత్య ముఖం చూసి అర్థమైంది, మార్జీ.

ఆవిడ గరిటె పక్కవాళ్ళకిచ్చి, బయటికొచ్చి మా ముందు నిలబడింది. ఇంటిముందు అమ్మకం బోర్డు పెట్టిందట, ఎవరూ కొనక ఇంకా ఈ ఊళ్ళోనే ఉందట.

"నిన్ను చూస్తాననుకోలేదు," అంది.

"మీరు ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు," అంది నిత్య.

"చెయ్యలేదు."

"మిమ్మల్ని తీసేస్తారని మీకు ముందే తెలుసా?"

మార్జీ నావైపు చూసి, మళ్ళీ దానివైపు చూసింది. "భయం ఉండేది. నీకు మాటిచ్చిన రోజు కూడా ఉంది. చెబితే నువ్వు రావేమోనని చెప్పలేదు. మంచి పిల్లలొస్తే టీమ్ గెలుస్తుంది, గెలిస్తే నన్ను ఉంచుతారు, అనుకున్నాను. నీదీ కేసీదీ ఏడాది పోగొట్టాను."

నేను ఏదైనా గట్టిగా అనాలనుకున్నాను. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలే. ఏప్రన్ కొంగుతో చేతులు తుడుచుకుంటున్న ఆ మనిషిని చూశాక ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

"You should have told me," అంది నిత్య. ఇప్పుడు ఏడ్చింది. మార్జీ దగ్గరికి రాబోయి ఆగిపోయింది. ముట్టుకునే హక్కు లేదనుకుందేమో. కేసీ వెళ్ళి నిత్య భుజం చుట్టూ చెయ్యి వేసింది.

వెళ్ళేముందు మార్జీ ఒక కాగితం మీద పేరు రాసిచ్చింది. రూత్ అని, అయోవాలో చిన్న కాలేజీలో కోచ్, తనతోపాటు ఆడిన మనిషి. "అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు. చదువుకి ఇస్తారు. నీకిష్టమైతే నేను ఫోన్ చేస్తాను." నిత్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. అవుననలేదు.

వెనక్కి

ఆదివారమంతా వెనకాల ప్లాస్టిక్ పటపటా కొట్టుకుంటుంటే యాభై అయిదుకి మించకుండా నడిపాను. నల్లమబ్బు కనబడితే చాలు, ఎక్కడ దిగాలా, ఏ గోడ చాటుకి పోవాలా అని చూసేదాన్ని. విచిత్రంగా లారీలంటే మాత్రం భయం పోయింది. కాన్సస్ సిటీ దాటాక నిత్య అంది:

"కేసీ వాళ్ళ ఇంటి దగ్గర two-year college లో చేరుతుంది. అక్కడ ఆడుతుంది. తాతకి help కూడా చెయ్యొచ్చు అంది."

"నువ్వేమనుకుంటున్నావే?"

జేబులోంచి మార్జీ ఇచ్చిన కాగితం తీసి, "ఆ అయోవా place, మన దారిలోనే కదా?" అంది.

చివరి మజిలీ

సోమవారం పదకొండింటికి రూత్ గదిలో కూర్చున్నాం. అరవై దాటిన మనిషి, తెల్లజుట్టు. ముందురోజు రాత్రి నిత్య చెబితే మార్జీ ఆవిడకి అప్పటికే ఫోన్ చేసిందట. నిత్య ఇంకా సరిగ్గా కూర్చోకుండానే అడిగేసింది.

"నేను ఇక్కడ చేరాక మీరు వెళ్ళిపోతే?"

 ఉన్న ఒక్క దారీ ఇలా మూసేస్తుందేమో అనిపించింది. కానీ రూత్ ఏమీ అనుకోలేదు.

"వెళ్ళిపోవచ్చు. నీకు ఏ మాటా ఇవ్వను. భోంచేసి కాలేజీ అంతా తిరిగి రా. మూడింటికి నీకు జిమ్ చూపిస్తాను."

నిత్య ఒక్కతే తిరుగుతానంది. నేను చెట్టుకింద బెంచీ మీద కూర్చున్నాను. మూడయ్యింది. రాలేదు. రూత్ తాళాలగుత్తి పట్టుకుని జిమ్ తలుపు దగ్గర నిలబడింది. మూడున్నర. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాకు మళ్ళీ భయం మొదలైంది. ఎక్కడైనా కూర్చుని ఏడుస్తోందా? తన మాటకి విలువివ్వలేదని రూత్ అనుకుంటే? రూత్‌కి రెండుసార్లు సారీ చెప్పాను.

నాలుగుంబావుకి గడ్డి మీద అడ్డంగా పరిగెత్తుకుంటూ వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. వెనక చిన్న వాగుందట, బయాలజీ టీచరొకావిడ పిల్లలతో కప్పల్ని లెక్కపెడుతోందట. ఒక మనిషి తక్కువైతే దీన్ని పిలిచిందట.

"జిమ్ చూడవా?" అన్నాను తెలుగులో, కోపం ఆపుకుంటూ.

నిత్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో. మర్చిపోయానమ్మా."

రూత్‌కి నేను తర్జుమా చేసి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆవిడ తాళాలు జేబులో వేసుకుని, "ఎన్ని కప్పలు?" అని అడిగింది.

నిత్య చెప్పడం మొదలుపెట్టింది. పోయిన శుక్రవారం నుంచీ అది అన్ని మాటలు వరసగా మాట్లాడటం అదే మొదటిసారి. ఇప్పుడు ఆ కాలేజీలోనే రెండో సంవత్సరం చదువుతోంది. ఆడుతోంది కానీ సగం ఆట బెంచీ మీదే. ఆ రోజు మాత్రం మేం జిమ్ లోపల అడుగు పెట్టకుండానే ఇంటికి బయల్దేరాం. కొత్తగా లైసెన్స్ వచ్చిన నిత్యకి హైవే మీద మొదటిసారి స్టీరింగ్ ఇచ్చాను, మిసిసిపీ దగ్గర అదే కారుని వంతెన మీదికి పోనిచ్చింది. నేను పక్కసీట్లో కూర్చుని, చేగోడీల డబ్బా మూత తీసి, నదిని రెండువైపులా తృప్తిగా చూశాను.